మూడేళ్ల ఆదివారాలు మింగిన సంఖ్య!

రెండు సంఖ్యలను గుణించడం బడిపిల్లలకూ వచ్చు. వచ్చిన జవాబును మళ్లీ విడగొట్టమంటే మాత్రం మహామహులకే చెమటలు పడతాయి. ఆ కష్టమే ఇప్పుడు మన డబ్బుకు కాపలా కాస్తోంది.

147573952589676412927. ఇదేదో లాటరీ నంబరు కాదు. 67 రెండ్లను వరసగా గుణించి, అందులోంచి ఒకటి తీసేస్తే వచ్చే 21 అంకెల సంఖ్య. పుట్టుక ఇంత సులువైనా దీని గుట్టు తేలడానికి 250 ఏళ్లకు పైగా పట్టింది.

ఒకటితో, తనతో తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగించలేని వాటిని ప్రధాన సంఖ్యలంటారు. 7, 31, 127 అలాంటివే. ఇవన్నీ రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చేవే. ఇలా వచ్చే ప్రధాన సంఖ్యల జాబితాను ఫ్రాన్స్‌కు చెందిన క్రైస్తవ సన్యాసి మారిన్ మెర్సెన్ 1644లో ప్రకటించారు. మన 21 అంకెల సంఖ్య కూడా అందులో ఉంది. అది తప్పని 1876లో ఎడ్వర్డ్ లూకాస్ నిరూపించారు. చిత్రమేంటంటే... ఏయే సంఖ్యలను గుణిస్తే ఇది వస్తుందో ఆయనకూ తెలీదు! మూత తీయకుండా ఊపి చూసి, పెట్టెలో ఉన్నది ఒక్కటే కాదని చెప్పడం లాంటిదన్నమాట.

నోరు విప్పని ప్రసంగం

1903 అక్టోబరు 31. న్యూయార్క్‌లో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ సమావేశం. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్ లేచి, నల్లబల్లపై ఒకవైపు 67 రెండ్ల లెక్క చేసి ఒకటి తీసేశారు. మరోవైపు 193707721ని 761838257287తో గుణించారు. రెండు జవాబులూ ఒకటే! ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లి కూర్చున్నారు. హాలంతా చప్పట్లు. ఈ ముచ్చట చెప్పింది గణిత రచయిత ఈటీ బెల్. వాటిని పట్టుకోవడానికి ఎన్నాళ్లు పట్టిందని బెల్ తర్వాత అడిగితే, మూడేళ్ల పాటు ఆదివారాలన్నీ దీనికే పోయాయన్నారట కోల్.

అదే మన తాళం

ఈ లెక్క ఇప్పటి కంప్యూటర్‌కు చిటికెలో పని. అందుకే సంఖ్యల్నీ పెంచారు. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్‌లు రూపొందించిన ఆర్ఎస్ఏ అనే రహస్య సంకేత పద్ధతికి ఈ ఇబ్బందే పునాది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించి, వచ్చిన జవాబును అందరికీ చూపిస్తారు. ఆ రెండూ తెలిస్తేనే తాళం తెరుచుకుంటుంది. ఇంటర్నెట్‌లో మన వివరాలను దాచే తాళాల్లో ఇదొకటి. ఇందులో ఎక్కువగా వాడే సంఖ్యకు 617 అంకెలుంటాయి. 2020లో 250 అంకెల సంఖ్యను విడగొట్టడానికే వేల కంప్యూటర్లు కొన్ని నెలలు శ్రమించాయి.

మనవాళ్లూ ఈ రంగంలో చరిత్ర సృష్టించారు. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో కచ్చితంగా, వేగంగా తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనిపెట్టారు. అయితే అది కూడా లూకాస్‌లా పెట్టెను ఊపి చెబుతుందే తప్ప మూత తీయదు. శక్తిమంతమైన క్వాంటం కంప్యూటర్ వస్తే ఆ మూతా తీయొచ్చని 1994లోనే పీటర్ షోర్ చూపించారు. అందుకే కొత్తరకం తాళాల తయారీ ఇప్పటికే మొదలైంది.

ఇంట్లో పిల్లలుంటే కోల్ రాసిన ఆ రెండు సంఖ్యలనూ కాగితమ్మీద గుణించమనండి. మామూలు క్యాలిక్యులేటర్‌లో జవాబు పట్టదు మరి!