మళ్లీ కలం పట్టించిన క్లారినెట్

రాసింది చాలు, ఇక రాయకూడదు అనుకున్నాడు యోహానెస్‌ బ్రామ్స్‌. అప్పటికి ఆయన వయసు 57. నాలుగు సింఫనీలతో యూరప్‌ అంతా పేరు తెచ్చుకుని, పెళ్లీ పిల్లలూ లేకుండా వియన్నాలో ఉంటున్న పెద్దమనిషి. 1890లో ఆ నిర్ణయాన్ని తన ప్రచురణకర్తకి ఉత్తరంలో చెప్పేశాడు కూడా. ఆస్ట్రియాలో తాను వేసవి గడిపే బాద్‌ ఇషిల్‌ నుంచి వచ్చేస్తూ, చించిన స్వరాల కాగితాలు బోలెడు అక్కడి ట్రౌన్‌ నదిలో పారేశాడు.

ఆ మాట మీద గట్టిగా ఏడాది కూడా నిలబడలేకపోయాడు. కారణం... ఓ క్లారినెట్‌!

1891 మార్చిలో జర్మనీలోని మైనింగెన్‌ సంస్థానానికి అతిథిగా వెళ్లాడు బ్రామ్స్‌. అక్కడి ఆస్థాన ఆర్కెస్ట్రాలో రిచర్డ్‌ మ్యూల్‌ఫెల్డ్‌ అనే వాద్యకారుడు ఉండేవాడు. వయొలిన్‌ వాయించడానికి చేరి, క్లారినెట్‌ సొంతంగా నేర్చుకుని, ఆ విభాగానికే పెద్దయినవాడు. అతడు వాయించిన వెబర్‌, మొజార్ట్‌ రచనలు విన్నాక బ్రామ్స్‌ మనసు ఆగలేదు. ఆ వేసవిలోనే క్లారినెట్‌తో రెండు పెద్ద రచనలు చేశాడు.

క్లారినెట్‌ అంటే మరేదో కాదు, మన పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండుమేళం వాళ్లు వాయించే నల్లటి గొట్టమే. సన్నాయిలా జంట రెల్లు కాకుండా, నోటి దగ్గర ఒకే ఒక్క రెల్లుబద్ద ఉంటుంది. పై స్థాయిలో గొంతు ఖంగుమంటుంది. కింది స్థాయిలోనేమో ముదురు తేనెలా చిక్కగా, కాస్త దిగులుగా ఉంటుంది. మ్యూల్‌ఫెల్డ్‌ వాయిద్యం నల్లది కాదు, లేతరంగు బాక్స్‌వుడ్‌ కర్రతో చేసింది. అతడి వాదన ఎంత సుకుమారమంటే, బ్రామ్స్‌ అతణ్ని సరదాగా ‘కుమారి క్లారినెట్‌’ అనేవాడట!

తర్వాత 1894 వచ్చింది. ఫిబ్రవరిలో ఆప్తమిత్రుడు, డాక్టర్‌ బిల్‌రోత్‌ పోయాడు. అదే నెలలో సంగీత దర్శకుడు బ్యూలో, ఏప్రిల్‌లో సంగీత చరిత్రకారుడు స్పిట్టా... వరసగా ముగ్గురు స్నేహితులు. ఆ వేసవిలో ఇషిల్‌లో కూర్చుని క్లారినెట్‌, పియానోల కోసం రెండు సొనాటాలు రాశాడు బ్రామ్స్‌. చాంబర్‌ సంగీతంలో, అంటే నలుగురైదుగురు కలిసి గదిలో వాయించుకునే సంగీతంలో, ఆయన చివరి రచనలవే.

వీటిలో పియానో పక్కవాద్యం కాదు. ఇద్దరు పాత స్నేహితులు అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. మొదటి సొనాటాలో ముందు గొంతు విప్పేది పియానోనే. క్లారినెట్‌ అందుకుని, పైకీ కిందికీ పెద్ద అంగలు వేస్తూ మనసులో కలతంతా బయటపెడుతుంది. రెండో భాగంలో ఇద్దరూ దాదాపు గుసగుసలకు దిగుతారు. చివరి భాగం మాత్రం గంట కొట్టినట్టు మోగే మూడు స్వరాలతో హుషారుగా మొదలవుతుంది.

ఆ నవంబరులో మ్యూల్‌ఫెల్డ్‌తో కలిసి ఫ్రాంక్‌ఫర్ట్‌లో క్లారా షూమన్‌ ఇంట్లో వీటిని వాయించాడు బ్రామ్స్‌. ఒకప్పుడు యూరప్‌ను ఊపేసిన పియానో విద్వాంసురాలామె. బ్రామ్స్‌కి నలభై ఏళ్ల స్నేహం. సరిగ్గా ఈ రెండు వాయిద్యాలకే 1849లో మూడు చక్కటి చిన్న రచనలు చేసిన రాబర్ట్‌ షూమన్‌ ఆమె భర్తే. 75 ఏళ్ల క్లారాకి అప్పటికి వినికిడి బాగా తగ్గింది. 1895 జనవరిలో వియన్నా శ్రోతలు ఈ సొనాటాలు విన్నారు. 1896లో క్లారా, 1897లో బ్రామ్స్‌ కన్నుమూశారు.

క్లారినెట్‌ బదులు వయోలా వాయించేందుకు వీలుగానూ బ్రామ్సే వీటిని మార్చి రాశాడు. అయినా క్లారినెట్‌ మీద వినడమే బాగుంటుంది, ఆ ఊపిరి తీగల్లో రాదు. ఒక్కోటీ ఇరవై నిమిషాల పైచిలుకు. కొత్తగా వినేవాళ్లు రెండో సొనాటాతో మొదలుపెట్టొచ్చు. అది మొదటి స్వరం నుంచే ఆప్యాయంగా పలకరిస్తుంది. మొదటిదాన్ని మాత్రం రాత్రి అందరూ పడుకున్నాక, ఇల్లు సద్దుమణిగాక వినాలి.