మొండి నొప్పికి విద్యుత్ చికిత్స

మోకాలికి దెబ్బ తగిలిన పిల్లవాడు ఏడుస్తూనే ఆ చోటును అరచేత్తో రుద్దుకుంటాడు. రుద్దితే నొప్పి తగ్గుతుందని వాడికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఎందుకు తగ్గుతుందన్న ప్రశ్నకు 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన 'ద్వార సిద్ధాంతం' ఒక సమాధానం చూపింది.

చర్మం నుండి వెన్నుపాములోకి వచ్చే నాడీతంతువులన్నీ ఒక్క తీరువి కావు. స్పర్శను తెచ్చే తంతువులు లావైనవి; వాటిని మయిలిన్ అనే కొవ్వు పొర చుట్టి ఉంటుంది కనుక వాటిలో వార్త సెకనుకు 35 మీటర్లకు మించిన వేగంతో పరుగెత్తుతుంది. సలుపు, మంట వంటి నొప్పులను మోసే సన్నని తంతువులకు ఆ పొర లేదు. వాటిలో వార్త నడక సెకనుకు సుమారు ఒక మీటరు. ఈ రెండు రకాల వార్తలూ వెన్నుపాము వెనుక భాగంలో కలుస్తాయి. అక్కడ ద్వారం వంటి ఏర్పాటు ఒకటి ఉందనీ, లావు తంతువుల వార్తలు ఎక్కువైనప్పుడు అది మూసుకొని, నొప్పి వార్త మెదడుకు చేరడం తగ్గుతుందనీ వారి వాదం. వివరాలలో తరువాత చాలా సవరణలు జరిగినా మూలభావం నిలిచింది.

లావు తంతువులను విద్యుత్తుతోనే మేల్కొలిపితే? 1967లో అమెరికాలో నార్మన్ షీలీ అనే శస్త్రవైద్యుడు ఒక కేన్సరు రోగి వెన్నుపాము వద్ద ఎలక్ట్రోడును అమర్చి ఆ పని చేశాడు. నొప్పికి విద్యుత్తును వాడాలన్న ఊహ మాత్రం పాతదే. మొదటి శతాబ్దపు రోమను వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ తలనొప్పికి విద్యుత్తు పుట్టించే చేపను తాకించమన్నాడు!

నేటి పరికరంలో రెండు భాగాలు. వెన్నుపామును కప్పిన దళసరి పొరకు వెలుపల సన్నని తీగలను ఉంచుతారు. బ్యాటరీతో నడిచే చిన్న పెట్టెను పిరుదు పైభాగంలోనో పొట్ట వద్దనో చర్మం కింద అమరుస్తారు. సంప్రదాయ పద్ధతిలో సెకనుకు 40 నుండి 60 విద్యుత్ స్పందనలు వెళతాయి. నొప్పి ఉన్న చోట తిమ్మిరి వంటి జలదరింపు కలుగుతుంది. 2015లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన మరో పద్ధతిలో సెకనుకు 10,000 స్పందనలు. ఇందులో జలదరింపే ఉండదు కనుక ద్వార సిద్ధాంతం ఒక్కటే దీనిని వివరించలేదు. ఆ మాటకొస్తే ద్వారం ఒక ఉపమానం మాత్రమే. అసలు పని రసాయనాలది. నరాలు దెబ్బతిన్న ఎలుకలలో ఈ ప్రేరణ వలన గాబా అనే పదార్థం విడుదల పెరిగినట్లు ప్రయోగాలలో తేలింది. నాలుగు కర్బన పరమాణువుల గొలుసుగల ఈ చిన్న అణువు నాడీకణాల ఉద్రేకాన్ని అణచుతుంది.

మన కుటుంబాలకు ఈ విషయంతో దగ్గర సంబంధమే ఉంది. దక్షిణాసియా సంతతివారిలో మధుమేహం ఎక్కువ. అది ముదిరి నరాలను దెబ్బతీస్తే అరికాళ్ల మంటలు రాత్రి నిద్రను హరిస్తాయి. మందులకు లొంగని అటువంటి నొప్పికి 10,000 స్పందనల పద్ధతిని అమెరికాలో 2021లో అనుమతించారు. అదే సంవత్సరం వెలువడిన 216 మంది రోగుల పరిశోధనలో, మందులు మాత్రమే వాడినవారికంటే పరికరం అమర్చినవారికి నొప్పి బాగా తగ్గింది. కానీ ఎవరికి పరికరం ఉందో రోగులకు తెలుసు. ఆశ కూడా నొప్పిని తగ్గించగలదు.

ఈ సందేహం చిన్నది కాదు. నార్వేలో వెన్ను శస్త్రచికిత్స తరువాత కూడా కాలినొప్పి వదలని 50 మందికి పరికరాన్ని అమర్చి, కొంతకాలం పనిచేయించి, కొంతకాలం ఆపి, ఏది ఎప్పుడో వారికి చెప్పకుండా పరీక్షించారు. 2022లో ప్రకటించిన ఫలితాలలో రెండు కాలాల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అక్కడ వాడిన స్పందనల తీరు వాడుకలో ఉన్నది కాదని కొందరు వైద్యులు ఆక్షేపించారు. ఆక్షేపణలో న్యాయం ఉండవచ్చు. అయినా ఇటువంటి పరీక్షలు మరిన్ని జరగవలసిన అవసరాన్ని అది తీసివేయదు.

శాశ్వతంగా అమర్చడానికి ముందు సుమారు వారం రోజులు తాత్కాలికపు తీగలతో, వెలుపలి పెట్టెతో చూస్తారు. నొప్పి సగమైనా తగ్గితేనే ముందుకు వెళ్లడం ఆనవాయితీ. ఆ వారంలో నొప్పికి ఇచ్చే అంకెతో సరిపెట్టక, ఎంత దూరం నడిచారో, ఎన్ని గంటలు నిద్రించారో, ఎన్ని మాత్రలు తగ్గించారో రాసుకోవడం మేలు. తీగ జరగడం, చీము పట్టడం వంటి చిక్కులు ఉన్నాయి. మధుమేహ రోగికి నొప్పి తగ్గినంత మాత్రాన నరం బాగుపడినట్లు కాదు. చక్కెర అదుపు, పాదాల పరీక్ష మానరాదు.

తల్లిదండ్రులకు ఇక్కడ ఈ పరికరం అమర్పించి స్వదేశానికి పంపదలచినవారు, దాని స్పందనలను సరిదిద్దగల వైద్యబృందం అక్కడ అందుబాటులో ఉందో లేదో ముందే విచారించుకోవాలి. ఆ నమూనాతో ఎం.ఆర్.ఐ. తీయించుకోవచ్చునా అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి. పరికరపు గుర్తింపు కార్డును విమానాశ్రయ తనిఖీల కోసం పాస్‌పోర్టుతోపాటే ఉంచుకోవాలి.