తాత సైకిల్‌కి ఫ్యాక్టరీ రీసెట్ చేయలేదు

సంక్రాంతికి ఊరెళ్తే గొడ్ల చావిడిలో గోడకి ఆనించి తాత సైకిల్ కనబడింది. నల్ల అట్లాస్, 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు. టైర్లు రెండూ చప్పిడైపోయి పగుళ్లు తేలాయి. చైను ఒక్క లింకు కూడా కదలట్లేదు. పాత ఇనుము కొనేవాళ్లు వస్తే కిలో లెక్కన ఇచ్చేద్దామని నాన్న ప్లాన్. నేను అడ్డుపడ్డాను.

ఫోన్లు రివ్యూ చేసేవాడికి సైకిల్‌తో పనేంటి అనుకోకండి. అప్‌డేట్లు ఆగిపోయాయని నాలుగేళ్లకే ఫోన్ పక్కన పెట్టేస్తాం. ఈ సైకిల్ తాత 1974లో తెనాలిలో కొన్నది. ఇందులో ప్రతి పార్టూ రెండు మూడు స్పానర్లు, ఒక సుత్తితో ఊడొస్తుంది. రిపేర్ విషయంలో నేను చూసిన ఏ గ్యాడ్జెట్టూ దీని దరిదాపుల్లో లేదు.

నాన్న చివరికి ఒప్పుకున్నారు గానీ, ఒక కండిషన్ పెట్టారు. "చేయిస్తే మొత్తం గీకించి పౌడర్ కోటింగ్ వేయించు. ఆ తుప్పు చూస్తే నాకు పాత కష్టాలే గుర్తొస్తాయిరా."

నాకేమో అదే వద్దు. చైన్ కవర్ మీద పసుపు పెయింటుతో తాత పేరు, ఊరి పేరు రాసి ఉన్నాయి. రాసిన పెయింటర్ పేరులో ఒక దీర్ఘం మర్చిపోయాడు, తాత కూడా ఎప్పుడూ దిద్దించలేదు. పౌడర్ కోటింగ్ అంటే ముందు పాత రంగంతా ఇనుము తేలేదాకా తీసేసి, పొడి చల్లి, ఓవెన్‌లో దాదాపు 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కాల్చాలి. మన భాషలో ఫ్యాక్టరీ రీసెట్. బ్యాకప్ ఉండదు.

అట్లాస్ 1951లో హర్యానాలోని సోనీపత్‌లో మొదలైంది. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజున, సాహిబాబాద్ ప్లాంటులో పని ఆగిపోయింది. ఈ సైకిల్ మీదున్న ఆనాటి రంగు ఒకసారి గీకేస్తే మళ్లీ రాదు.

నాన్నతో ఒక డీల్ చేసుకున్నా: ముందు రంగు ముట్టుకోకుండా నడిచేలా చేస్తా, మీరు ఒక రౌండు తొక్కండి, అప్పటికీ కావాలంటే పెయింట్ వేయిద్దాం.

ముందు ఫ్రేము చెక్ చేయండి

పైపైన ఉన్న తుప్పు వేరు, ఇనుమును తినేసిన తుప్పు వేరు. పైపులు కలిసే చోట, పెడళ్ల ఇరుసు కింద, సీటు రాడ్డు దిగే చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కి చూడండి. మొన లోపలికి దిగినా, పగులు కనిపించినా ఆ సైకిల్ తొక్కొద్దు, గోడకి తగిలించుకోండి. మాది పాసైంది.

తుప్పు తీసిన పద్ధతి

నట్లు, బోల్టులు, బ్రేక్ రాడ్ల లాంటి చిన్న పార్టులకి ఆక్జాలిక్ యాసిడ్ వాడాను. లీటరు నీళ్లకి 30 గ్రాములు, ప్లాస్టిక్ బకెట్‌లో ఒక రాత్రి. ఇది తుప్పును కరిగిస్తుంది, కింద ఉన్న ఇనుము జోలికి పెద్దగా పోదు. కానీ విషం. గ్లవుజులు, కళ్లద్దాలు తప్పనిసరి. పిల్లలకీ పశువులకీ అందకుండా పెట్టాలి. బయటికి తీశాక వంట సోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె పూయాలి. లేదంటే గంటల్లోనే కొత్త తుప్పు పడుతుంది.

క్రోమ్ ఉన్న హ్యాండిల్, రిమ్ములకి వంటింటి అల్యూమినియం ఫాయిల్ చాలు. ఉండ చుట్టి, నీళ్లలో ముంచి రుద్దండి. క్రోమ్ కంటే అల్యూమినియం మెత్తన కాబట్టి గీతలు పడవు.

ఒక తప్పు చేశాను. తొందరగా అయిపోతుందని బెల్లు మూతని బాత్రూమ్ క్లీనర్‌లో వేశా. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్, అది క్రోమ్‌నే తినేస్తుంది. పది నిమిషాల్లో మెరుపంతా పోయి బూడిద రంగు తేలింది. బెల్లు మోగుతుంది గానీ, చూసినప్పుడల్లా నా మీద నాకే కోపం వస్తుంది.

ఫ్రేమునీ చైన్ కవర్‌నీ ఏ యాసిడ్‌లోనూ పెట్టలేదు. థిన్నర్, పెట్రోల్ కూడా వాడలేదు, చేతిరాత చెరిగిపోతుంది. షాంపూ నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, రంగు పోయిన చోట మాత్రమే బాగా సన్నటి స్టీల్ ఊల్‌కి నూనె రాసి రాలే తుప్పు తీశాను. ఆరాక కార్ వ్యాక్స్ రెండు కోట్లు. తుప్పు పట్టాలంటే ఇనుముకి గాలీ, తేమా రెండూ తగలాలి, వ్యాక్స్ పొర ఆ రెంటినీ ఆపుతుంది. ఏటా వానాకాలం ముందు మళ్లీ రాయాలి.

లోపల అంతా కొత్తదే

బయట పాతదనం ఉంచుకోవచ్చు. బ్రేకుల్లో, బేరింగుల్లో ఉంచకూడదు. చైను రెండు రోజులు డీజిల్‌లో నానినా బిగుసుకునే ఉంది, కొత్తది వేశాం. బ్రేక్ రబ్బర్లు, బేరింగ్ బాల్స్, కాటర్ పిన్లు అన్నీ కొత్తవి. రిమ్ముల బెండు మాత్రం సైకిల్ షాపు బాబాయ్ తీశాడు, అది యూట్యూబ్ చూసి వచ్చే విద్య కాదు.

రెండు జాగ్రత్తలు. ఎడమ పెడల్ మర అందరూ అనుకున్నదానికి రివర్స్‌లో ఉంటుంది, బలం పెట్టి పాడు చేయకండి. టైరు కొనేటప్పుడు 28 x 1½ అని చూసి కొనండి. దీని రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు. ఇప్పటి హైబ్రిడ్ సైకిళ్ల టైర్ల మీద కూడా 28 అని ఉండొచ్చు గానీ, వాటి కొలత 622. ఎక్కదు.

ఖర్చు

టైర్లు, ట్యూబులు: రూ. 1,100
చైను, బ్రేక్ రబ్బర్లు: రూ. 280
బాల్స్, పిన్లు, గ్రీజు: రూ. 240
యాసిడ్, స్టీల్ ఊల్, వ్యాక్స్: రూ. 650
షాపు కూలి: రూ. 600
మొత్తం: రూ. 2,870, మూడు వారాంతాలు

వెర్డిక్ట్

ఇరవై కిలోల బరువు, ఒక్కటే గేరు. వానలో తడిస్తే రాడ్ బ్రేకులు సరిగ్గా పట్టవు. కొండాపూర్ ట్రాఫిక్‌లోకి తేను. ఊళ్లో కాలవగట్టు మీద మాత్రం హాయిగా సాగిపోతుంది.

చివరి ఆదివారం నాన్న తొక్కారు. చెరువు దాకా వెళ్లొచ్చి, దిగి, హ్యాండిల్‌కీ సీటుకీ మధ్య అడ్డ పైపు మీద చెయ్యి పెట్టారు. అక్కడ జానెడు మేర రంగు పోయి ఇనుము నున్నగా ఉంటుంది. అది తుప్పు వల్లేనని నేను అనుకున్నా.

"తుప్పు కాదురా. ఇక్కడ తువ్వాలు చుట్టి నన్ను కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లేవాడు. ఆ రాపిడికి పోయింది."

పెయింట్ సంగతి ఆయన ఎత్తలేదు. ఆ దీర్ఘం ఒక్కటైనా దిద్దిద్దామా అని అడిగితే, "ఉండనీ" అన్నారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి సైకిల్ ఉంటే, పెయింటర్‌కి ఇచ్చే ముందు పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో గీత గురించీ అడగండి. ఏది తుప్పో, ఏది కాదో వాళ్లకే తెలుసు.