వియత్నాంలో బైక్ ట్రిప్ ప్లాన్ చేస్తున్నారా? చేతిలో ఇంటర్నేషనల్ లైసెన్స్ ఉన్నా అక్కడ లేనట్టే.. ఎందుకంటే?

ఒకవైపు నిట్టనిలువు సున్నపురాయి కొండ. ఇంకోవైపు లోయ, దాని అడుగున పచ్చగా మెరిసే న్యో క్వే నది. మధ్యలో మెలికలు తిరిగిన ఘాట్ రోడ్డు మీద బైక్. వియత్నాం ఉత్తర కొసన, చైనా బోర్డర్‌ దగ్గరున్న హా జాంగ్ లూప్ రీల్స్ మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటాయి. సుమారు 350 కిలోమీటర్లు, మూడు నాలుగు రోజుల రైడ్. ఈ-వీసా 25 డాలర్లకే వస్తోంది, 90 రోజుల వరకూ ఉండొచ్చు. ఇంకేం.. ఆర్టీఏ ఆఫీసులో వెయ్యి రూపాయలు కట్టి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ (ఐడీపీ) తీసుకుంటే పనైపోయిందనుకుంటారు.

అసలు చిక్కు అక్కడే. మన దేశం ఇచ్చే ఆ పర్మిట్ వియత్నాంలో చెల్లదు.

ఒకే పేరు.. రెండు రకాలు

ఐడీపీలు ప్రపంచమంతా ఒకటే కాదు. 1949లో జెనీవాలో ఒక ఒప్పందం, 1968లో వియన్నాలో ఇంకో ఒప్పందం కుదిరాయి. మన దేశం ఇచ్చేది 1949 రకం. వియత్నాం 2014లో 1968 ఒప్పందంలో చేరింది, ఆ రకం పర్మిట్లనే గుర్తిస్తుంది. అనుమానం ఉంటే మీ పర్మిట్ అట్ట మీద చూడండి, 1949 అని కనిపిస్తుంది. ఇదే కాగితం, అందులో టూవీలర్ కేటగిరీ ఉంటే, థాయ్‌లాండ్‌లో భేషుగ్గా పనిచేస్తుంది. అందుకే అక్కడ తిరిగొచ్చిన ఫ్రెండ్ 'ఏం కాదు రా' అని చెప్పినా, ఆ మాట వియత్నాంకి పనికిరాదు.

మరి అక్కడి షాపులు బండి ఎలా ఇస్తున్నాయి? చాలాచోట్ల అసలు లైసెన్స్ అడగరు. పాస్‌పోర్టో, డిపాజిట్టో తీసుకుని తాళం చేతిలో పెడతారు. షాపువాడు ఇచ్చాడు కాబట్టి రూల్ ఒప్పుకుంటుందని కాదు. పట్టుబడితే వాడు రాడు. పాస్‌పోర్టు తాకట్టు పెట్టడం కూడా తెలివైన పని కాదు.

ఫైన్ కంటే పెద్ద దెబ్బ

2025 జనవరి నుంచి అక్కడ చలాన్లు బాగా పెరిగాయి. చెల్లే లైసెన్స్ లేకుండా 125 సీసీ లోపు బండి నడిపితే 20 లక్షల నుంచి 40 లక్షల డాంగ్‌లు. కంగారు పడకండి, మన డబ్బులో దాదాపు 7 వేల నుంచి 13 వేలు. అంతకంటే పెద్ద బండైతే 60 నుంచి 80 లక్షల డాంగ్‌లు.

ఇదైనా కట్టేసి బయటపడొచ్చు. యాక్సిడెంట్ అయితేనే అసలు కథ. ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీల్లో సాధారణంగా ఒక షరతు ఉంటుంది: బండి నడిపే మనిషికి ఆ దేశంలో చెల్లే లైసెన్స్ ఉండాలి. లేకపోతే క్లెయిమ్ తిరస్కరించే హక్కు కంపెనీకి ఉంటుంది. హా జాంగ్ నుంచి హనోయ్‌కి దాదాపు 300 కిలోమీటర్లు, రోడ్డు మీద ఆరేడు గంటలు. కాలు విరిగిన మనిషిని అంత దూరం తీసుకెళ్లి, ఆపరేషన్ చేయించి, ఇండియాకి పంపడానికయ్యే ఖర్చంతా ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. పాలసీ కాగితం బ్యాగులోనే ఉంటుంది, అయినా పైసా రాదు.

పైగా అది మామూలు రోడ్డు కాదు. 1959-65 మధ్య కొండల్ని చేత్తో తొలిచి వేశారు. మా పి లెంగ్ కనుమ దగ్గరైతే కూలీలు తాళ్లకు వేలాడుతూ నెలల తరబడి రాయి కొట్టారు. అక్కడ బండ్లు వెళ్లేది రోడ్డుకు కుడివైపు, మనకు అలవాటున్నది ఎడమవైపు. మలుపులో ఎదురుగా లారీ వస్తే మన చెయ్యి ఎటు తిప్పుతుందో ఆలోచించుకోండి.

అయితే వెళ్లొద్దా?

వెళ్లొచ్చు. దీనికి అక్కడ పాపులర్ పద్ధతి 'ఈజీ రైడర్'. స్థానిక కుర్రాడు బండి నడుపుతాడు, మీరు వెనక కూర్చుంటారు. నేనే నడపాలి అనే వాళ్లకు కాస్త చిన్నతనంగా అనిపించొచ్చు గానీ, ఆ లోయల్ని తీరిగ్గా చూసేది నిజానికి వెనక కూర్చున్నవాళ్లే. 50 సీసీ లోపు బండికి, 4 కిలోవాట్లు దాటని ఎలక్ట్రిక్ బండికి అక్కడ లైసెన్స్ అక్కర్లేదు. ఊళ్లో తిరగడానికి ఓకే, ఆ ఘాట్ రోడ్డుకి మాత్రం అవి చాలవు. సొంత బండి మీదే పరాయి దేశం చూడాలనుంటే నేపాల్ ఉంది. మన లైసెన్స్ చాలు, బోర్డర్‌లో బండికి భన్సార్ రుసుము కడితే సరిపోతుంది.

ఇంకో మాట. హా జాంగ్ హోమ్‌స్టేల్లో రాత్రి భోజనంతో పాటు మొక్కజొన్న సారా పోస్తారు, ముద్దుగా 'హ్యాపీ వాటర్' అంటారు. 2020 నుంచి వియత్నాంలో డ్రైవింగ్‌కి ఆల్కహాల్ లిమిట్ సున్నా. రాత్రి తాగింది పొద్దున మిషన్‌లో కనిపించినా కేసే. ఈజీ రైడర్‌ని తీసుకున్నా సరే, ముందు రోజు రాత్రి అతని గ్లాసు మీద ఓ కన్నేసి ఉంచండి.