అన్నీ ఒకే గుంజకు కట్టకండి



ఆరోగ్య పత్రికలో డబ్బు సంగతులేమిటని మీకు అనిపించవచ్చు. ఇంట్లో జబ్బు, ఉద్యోగ నష్టం ఒకేసారి వస్తే ముందుగా ఆగేది మందులే. అందుకే ఈసారి డైవర్సిఫికేషన్ గురించి, అంటే మన ఆధారాలను వేరువేరు చోట్ల ఉంచుకోవడం గురించి చెబుతున్నాము.

ఇది మన రైతులకు కొత్త కాదు. తెలంగాణ మెట్ట చేలల్లో జొన్న సాళ్ల మధ్య కంది వేస్తారు. జొన్న ముందు కోతకు వస్తుంది. వేళ్లు లోతుకు దిగే కంది తర్వాత కూడా చేలో నిలుస్తుంది. ఒకటి దెబ్బతిన్నా రెండోది ఎంతో కొంత చేతికి అందుతుందని ఆశ.

హైటెక్ సిటీలో సత్యం కంప్యూటర్స్ ఉదంతం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను కొంటామని, ఇది వ్యాపారంలో వైవిధ్యం కోసమని ప్రకటించింది. మదుపరులు వ్యతిరేకించడంతో కొన్ని గంటల్లోనే విరమించుకుంది. పేర్లు వేరైనా వెనుక ఉన్న చేయి ఒక్కటే అయితే అది వైవిధ్యం కాదు.

2009 జనవరి 7న లెక్కలు తప్పుగా చూపించామని రాజు లేఖ రాశారు. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి సుమారు 40 రూపాయలకు పడింది. పొదుపును కూడా సత్యం షేర్లలోనే ఉంచిన ఉద్యోగులకు జీతం దిగులు, పొదుపు నష్టం ఒకేరోజు వచ్చాయి. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని చేపట్టింది.

కాబట్టి మీరు పనిచేసే కంపెనీ షేర్లలోనే పొదుపంతా ఉంచవద్దు. బ్యాంకు డిపాజిట్లకు, ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి, అసలు వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకే బీమా ఉంటుందని గమనించండి.

అన్నిటికన్నా ముఖ్యం ఆరోగ్య బీమా. కంపెనీ ఇచ్చే బీమా సాధారణంగా ఉద్యోగంతోపాటే ముగుస్తుంది. తల్లిదండ్రులతో సహా కుటుంబానికి వేరే పాలసీ ఉండటం మంచిది. బీపీ, షుగర్ వంటివి ముందే ఉంటే వాటి ఖర్చులకు 3 ఏళ్ల వరకు ఆగవలసి రావచ్చు. అందుకే ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీసుకోండి.

డైవర్సిఫికేషన్ నష్టాన్ని పూర్తిగా ఆపదు, అన్నీ ఒకేసారి పోకుండా చూస్తుంది. ఈ వారం ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక కాగితంపై రాయండి: "ఈ ఉద్యోగం రేపు లేకపోతే మన ఇంట్లో ఏవేవి ఆగిపోతాయి?" ఆ జాబితాలో మందులు, వైద్యం ఉంటే ముందు వాటికి వేరే ఆధారం చూడండి.