సౌండ్‌బార్ కొనే ముందు: గుమగుమలా, మాట స్పష్టతా?

1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు రాజురా తాలూకా ఆదిలాబాద్ జిల్లా నుండి విడిపోయి నాటి బొంబాయి రాష్ట్రంలో కలిసింది. పాలనకు సంబంధించిన గీత మారినది గాని, ఇళ్లలోని భాష మారలేదు. నేటికీ చంద్రపూర్ జిల్లా దక్షిణపు అంచున ఉన్న మన గ్రామాలలో అనేకమంది పిల్లలు బడిలో మరాఠీ చదువుతారు, ఇంటికి వచ్చి తెలుగు మాట్లాడుతారు. సాయంకాలం ఒకే టీవీలో కొంతసేపు సహ్యాద్రి, కొంతసేపు యాదగిరి నడుస్తాయి. చక్కని, నిండైన తెలుగు వాక్యం ఈ పిల్లల చెవిన పడే చోట్లలో టీవీ ఒకటి. అందుచేత టీవీలోని మాట స్పష్టంగా వినిపించడం మనకు కేవలం వినోదానికి సంబంధించిన విషయం కాదు.

అయితే కొత్త టీవీలు పలచనైన కొద్దీ వాటి ధ్వని కూడా పలచబడినది. లోపల చోటు లేక స్పీకర్లను చిన్నవిగా చేసి, కిందికో వెనుకకో తిప్పి అమర్చుతున్నారు. మాట మన వైపు నేరుగా రాక, గోడకో బల్లకో తగిలి వస్తుంది. పెద్దవారు "ఏమన్నాడు?" అని అడుగుతారు, పిల్లలు రిమోట్ తీసి శబ్దం పెంచుతారు, పాట రాగానే ఇల్లు అదిరిపోతుంది. దీనికి విరుగుడుగా సబ్‌వూఫర్‌తో కూడిన సౌండ్‌బార్ కొనాలని అనేక కుటుంబాలు ఆలోచిస్తున్నాయి. ధర ఐదారు వేల రూపాయల నుండి లక్ష దాటే వరకు ఉన్నది. పంట డబ్బుతోనో, గని జీతంతోనో కొనే వస్తువు గనుక దానిని ఎలా పరీక్షించాలో వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

రెండు పెట్టెలు, రెండు పనులు

సౌండ్‌బార్ అనగా టీవీ కింద అడ్డంగా ఉంచే పొడవైన పెట్టె. మాటలు, గానం, వేణువు, వయొలిన్ వంటి మధ్యమ, తార స్థాయి ధ్వనులన్నీ దాని నుండే వస్తాయి. సబ్‌వూఫర్ నేలపై ఉంచే వేరొక పెట్టె. మనిషి చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. అందులో సుమారు 120 హెర్ట్జ్‌లకు దిగువన ఉన్న మంద్ర ధ్వనులు, అనగా డోలు దెబ్బ, ఉరుము, లారీ ఇంజను వంటివి, సబ్‌వూఫర్ వంతు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించగలరు. మాటను మాటగా పోల్చుకోవడానికి తోడ్పడే హల్లులు, ముఖ్యంగా స, శ, ట, త, ప వంటివి, పై స్థాయిలో ఉంటాయి. సబ్‌వూఫర్ ఎంత పెద్దదైనా వాటిని స్పష్టం చేయలేదు. పైగా అది మితిమీరితే మాటను కప్పివేస్తుంది. దుకాణంలో మనలను ఆకర్షించేది గుమగుమ. ఇంట్లో ప్రతిరోజు మనకు కావలసినది మాట. ఈ భేదం మరువకపోతే సగం పరీక్ష పూర్తయినట్లే.

అట్టపెట్టెపై అంకెలు

2.1, 3.1, 5.1 అనే అంకెలలో మొదటిది ధ్వని మార్గాల సంఖ్య. చుక్క తరువాతి 1 సబ్‌వూఫర్‌ను సూచిస్తుంది. 5.1.2 అని మూడవ అంకె ఉన్నచో, పైకప్పు వైపు ధ్వనిని పంపే స్పీకర్లు రెండు ఉన్నవని అర్థం. 2012లో సినిమా హాళ్లకు వచ్చిన డాల్బీ అట్మాస్ విధానం కొరకు ఇవి ఉద్దేశింపబడినవి. పైకప్పుకు తగిలి తిరిగివచ్చే ధ్వనికి చదునైన శ్లాబు అవసరం. ఏటవాలు రేకులు, పెంకులు ఉన్న ఇంట్లో ఆ రెండు స్పీకర్లకు పెట్టిన డబ్బు చాలావరకు వృథా.

మన అవసరానికి 3.1 గమనింపదగినది. అందులోని మూడవ మార్గం మధ్యలో ఉండి సంభాషణలను వినిపిస్తుంది. కొన్నింటిలో ఆ మధ్య స్పీకర్‌ను మాత్రమే పెంచుకునే వీలు కూడా ఉంటుంది.

మన ఇంటికి ధ్వని ఏ దారిన వస్తున్నదో కూడా చూడవలెను. ఫ్రీ డిష్‌లో, కేబుల్‌లో వచ్చే కార్యక్రమాలు ఎక్కువగా రెండు మార్గాల ధ్వనితోనే ఉంటాయి. ఇంటర్నెట్ ద్వారా సినిమాలు చూసే ఇంట్లోనే 5.1కి నిజమైన పని దొరుకుతుంది. వార్తలు, సీరియళ్లు మాత్రమే చూసే కుటుంబానికి మంచి 2.1 గాని, 3.1 గాని సరిపోతుంది.

ఇక వాట్ల సంగతి. ఈ విషయంలో మాట కోటలు దాటుతుంది, కాలు గడప దాటదు. పెట్టెపై పెద్ద అక్షరాలతో వేసే గరిష్ఠ వాట్లు క్షణకాలపు లెక్క. నిలకడగా ఇచ్చే శక్తిని ఆర్‌ఎంఎస్ అంటారు, దానినే అడగవలెను. శక్తి రెట్టింపైనా శబ్దం పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి రెండింతలుగా తోచాలంటే శక్తి దాదాపు పది రెట్లు కావాలి. పన్నెండడుగుల గదికి 200 వాట్లకు, 400 వాట్లకు మధ్య తేడా ధరలో కనిపించినంతగా చెవికి తెలియదు.

దుకాణంలో నాలుగు పరీక్షలు

బల్లార్‌పూర్‌లో కొన్నా, చంద్రపూర్‌లో కొన్నా, కాగజ్‌నగర్‌లో కొన్నా, కంపెనీ వారి ప్రదర్శన వీడియోతో నిర్ణయానికి రావద్దు. అది ఆ పెట్టెకు నప్పే ధ్వనులతోనే తయారవుతుంది. మీరు తరచుగా చూసే వార్తల భాగం, ఒక సినిమా సన్నివేశం, ఒక పాట పెన్ డ్రైవ్‌లోనో ఫోన్‌లోనో వెంట తీసుకువెళ్లండి.

మొదటి పరీక్ష: శబ్దం బాగా తగ్గించి వార్తలు వినండి. తక్కువ శబ్దంలోనూ ప్రతి పదం తెలియాలి. ఇంట్లోని పెద్దవారిని వెంట తీసుకువెళ్లి, విన్నదానిని తిరిగి చెప్పమనండి. అన్ని కొలతల కన్న ఆ చెవి నమ్మదగినది.

రెండవది: వాన గాని, జనసమ్మర్దం గాని ఉన్న సన్నివేశంలో సంభాషణ వినండి. నేపథ్య శబ్దంలో మాట మునిగిపోతే ఆ పెట్టె మనకు తగదు.

మూడవది: డప్పు లేదా డోలు ఉన్న పాట వేయండి. దెబ్బ దెబ్బకు మధ్య నిశ్శబ్దం వినిపించాలి. దెబ్బలన్నీ కలిసి ఒకే హోరుగా సాగితే, అది పైన పటారం లోన లొటారం.

నాలుగవది: సబ్‌వూఫర్ స్థాయిని పూర్తిగా తగ్గించి వినండి. అప్పుడు మగవారి గొంతు రేకు డబ్బాలో నుండి వచ్చినట్లున్నచో బార్ బలహీనమైనదని, లోపాన్ని సబ్‌వూఫర్ కప్పిపుచ్చుతున్నదని గ్రహించాలి.

తీగలు, ఇల్లు, కరెంటు

మీ టీవీ వెనుక హెచ్‌డీఎంఐ రంధ్రాలలో ఒకదానిపై ఏఆర్‌సీ అని గాని, ఈఏఆర్‌సీ అని గాని రాసి ఉన్నదేమో ముందే చూసుకోండి. ఆ సౌకర్యం 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చినది. అది ఉన్నచో ఒకే తీగతో ధ్వని బార్‌కు చేరుతుంది, టీవీ రిమోట్‌తోనే శబ్దం మార్చుకోవచ్చు. లేనిచో ఆప్టికల్ తీగ ఉపయోగపడుతుంది. బ్లూటూత్ పాటలకు సరే గాని, సినిమాలో పెదవి కదిలిన కొంతసేపటికి మాట వినిపించే ప్రమాదం ఉన్నది. తీగ లేని సబ్‌వూఫర్‌కు కూడా కరెంటు ప్లగ్ వేరుగా కావాలని మరువవద్దు.

దుకాణంలో బాగున్నది ఇంట్లో బాగుండకపోవచ్చు. 50 హెర్ట్జ్‌ల మంద్ర ధ్వని తరంగం దాదాపు 7 మీటర్ల పొడవు ఉంటుంది, మన గది అంతకన్న చిన్నది. కాబట్టి గదిలో ఒకచోట హోరు, మరొకచోట వెలితి ఏర్పడతాయి. మూలలో పెట్టిన సబ్‌వూఫర్ హోరును మరింత పెంచుతుంది. తేలికైన ఉపాయం ఒకటి ఉన్నది. మీరు కూర్చునే చోట సబ్‌వూఫర్‌ను ఉంచి పాట వేయండి. గోడల వెంబడి వంగి నడుస్తూ వినండి. దెబ్బ ఎక్కడ బిగువుగా వినిపించునో అక్కడే సబ్‌వూఫర్‌ను పెట్టండి. దాని కింద మందపాటి రబ్బరు గాని, మడిచిన గోనె సంచి గాని వేస్తే నేల అదురు తగ్గుతుంది. రేకులు, అలమారలోని స్టీలు గిన్నెలు మోగుతున్నాయేమో చూడండి. తప్పు చాలాసార్లు వాటిదే. పెట్టెకున్న గాలి రంధ్రాన్ని మాత్రం మూయరాదు.

వెనుక అచ్చువేసిన వోల్టేజి పరిధి చదవండి. కరెంటు హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉన్న ఊరిలో స్టెబిలైజర్ మేలు. ఉరుములు మొదలవగానే ప్లగ్‌తో పాటు డిష్ తీగ కూడా తీయవలెను.

బిల్లు, పొరుగువారు

సరిహద్దు దాటి కొనే అలవాటు మనకున్నది. వస్తువు పాడైతే ఏ రాష్ట్రంలో మొర పెట్టుకోవాలన్న భయమూ ఉన్నది. 2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్నవారు తాము నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు. 1915 నంబరుకు ఫోన్ చేసి కూడా సలహా పొందవచ్చు. అయితే వీటన్నింటికీ సీరియల్ నంబరు రాసిన జీఎస్‌టీ బిల్లు ఆధారం. "బిల్లు లేకుండా తక్కువకిస్తాను" అన్నవారి వద్ద తగ్గేది ధర మాత్రమే కాదు, మన హక్కు కూడా. మరమ్మతు కేంద్రం చంద్రపూర్‌లో ఉన్నదా, నాగ్‌పూర్ దాకా మోసుకుపోవలెనా అన్నది కూడా కొనే ముందే అడగండి.

చివరగా పొరుగువారి మాట. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. రాత్రి అనగా 10 గంటల నుండి ఉదయం 6 వరకు. మంద్ర ధ్వని గోడను సులభంగా దాటుతుంది. మాట మనకే వినిపించి, హోరు మాత్రం పక్కింటికి పోతుంది. ఆ గోడకు అవతల పదవ తరగతి పరీక్షకు చదివే బిడ్డ ఉండవచ్చు. రిమోట్‌పై రాత్రి మోడ్ ఉన్నచో పది దాటగానే దానిని వాడండి. అది లేనిచో సబ్‌వూఫర్ స్థాయిని తగ్గించండి. పెట్టె మంచిదైతే అప్పటికీ ప్రతి మాట స్పష్టంగానే వినిపిస్తుంది.