దిగులు జబ్బు – రైతు కుటుంబములలో ప్రాణరక్షణ

నిమ్మతోటలో వేరుకుళ్ళు సోకిన చెట్టు మొదట పైకి బాగుగనే కనుపించును. ఆకు పండుబారి రాలునప్పటికి వేరు చాలవరకు చెడియుండును. డిప్రెషన్ అని జనులు చెప్పుకొను దిగులు జబ్బు కూడ ఇటువంటిదే. తెగులును తొలిదశలో పసిగట్టుట రైతులకు తెలిసిన విద్య. ఆ చూపునే ఇంటిలోని మనిషిపై కూడ ఉంచిన యెడల ఈ జబ్బును గుర్తింపవచ్చును. చికిత్స చేయించిన నయమగును. ఉపేక్షించిన ప్రాణమునకే ముప్పు రావచ్చును.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022 లో మన దేశమున వ్యవసాయముపై ఆధారపడిన 11,290 మంది ఆత్మహత్య చేసికొనిరి. వీరిలో సాగుదారులు 5,207 మంది, వ్యవసాయ కూలీలు 6,083 మంది. కావున ఇది పొలముగల రైతు బాధ మాత్రమే కాదని గ్రహింపవలెను.

కారణములు

1997-98 లో వరంగల్లు జిల్లాలో పత్తి పైరు లద్దె పురుగు పాలై, అప్పులలో చిక్కిన రైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. మన గూడూరు ప్రాంతమున పత్తి లేకపోయినను నష్టభయము లేకపోలేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వానలకు ఈ తీరమున నారుమళ్ళు, నాట్లు నీట మునిగినవి. వేసవిలో మంచి ధర పలికిన నిమ్మకాయ వానకాలమున కోతకూలికి కూడ చాలకపోవుట కలదు. తెల్లమచ్చ తెగులు తగిలిన రొయ్యల గుంటలో పెట్టుబడి కొద్దిరోజులలో పోవును. కౌలుదారునకు పంట పోయినను కౌలు తప్పదు.

అయితే నష్టపడిన వారందరును ప్రాణము తీసికొనరు. అప్పునకు తోడు దిగులు జబ్బు, మద్యపానము, ఇంటి కలహము, దీర్ఘరోగము, తన బాధ వినువారు లేకపోవుట చేరినప్పుడు ప్రమాదము పెరుగును. అప్పు తీరుటకు ఏండ్లు పట్టవచ్చును గాని, ఆ దిగులును తగ్గించుటకు ఈ వారమే పూనుకొనవచ్చును.

లక్షణములు

కష్టము వచ్చినపుడు నాలుగు రోజులు దిగులుపడుట సహజము. ఈ క్రింది వానిలో కొన్ని రెండు వారములకు మించి దాదాపు ప్రతిదినము ఉండి, రోజువారీ పనికి అడ్డు వచ్చినచో జబ్బుగా అనుమానింపవలెను.

1. ఎల్లప్పుడు దిగులు, పొలము, పశువులు, పిల్లలు, దేనిపైనను ఆసక్తి లేకుండుట.
2. నిద్ర పట్టకపోవుట, తెల్లవారుజామున మెలకువ వచ్చుట, లేక అతినిద్ర.
3. ఆకలి తగ్గుట, పని చేయకున్నను అలసట.
4. చిన్న విషయములో కూడ తీర్మానము చేయలేకపోవుట.
5. తాను ఇంటికి భారమనియు, తప్పంతయు తనదేననియు తలచుట.
6. చావును గూర్చిన తలపులు.

"నేను లేకుంటే మీరు సుఖపడతారు" అనుట, ఉన్నట్లుండి పిల్లల బాధ్యతలు ఇతరులకు ఒప్పగించుట, బంధువులకు దూరముగ మెలగుట, త్రాగుడు హెచ్చుట మరింత ప్రమాద సూచనలు. ఇట్టి మాటలను బెదిరింపని కొట్టివేయరాదు.

ఇంటివారు చేయవలసినది

చావు మాట ఎత్తినచో లేని ఆలోచన పుట్టునని పలువురు భయపడుదురు. అది నిజము కాదు. సూటిగా అడిగినందువలన ఆలోచన పుట్టదు. అడిగినవారి వద్ద మనసు విప్పుట సులభమగును. ఒంటరిగా కూర్చుండబెట్టి, "అన్నా, కొన్నాళ్ళుగా నువ్వు మునుపటి మాదిరి లేవు. చచ్చిపోదామనే ఆలోచన ఏమన్నా వస్తా ఉందా?" అని నెమ్మదిగా అడుగవచ్చును. పిదప మాటకు అడ్డుపడక వినవలెను. "మగవాడివి, ధైర్యంగా ఉండు" అనుటయు, ఇరుగుపొరుగు వారితో పోల్చి నిందించుటయు మేలు చేయవు. ఔనని చెప్పినచో ఆ మనిషిని ఒంటరిగా విడువక, వెంటనే వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.

పురుగుమందుల భద్రత

వ్యవసాయ పత్రికలో ఈ విషయమేల అని అడుగువారికి ఇదియే సమాధానము. చావవలెనను తీవ్రమైన తలపు సాధారణముగ కొద్దిసేపు ఉండి తగ్గును. ఆ సమయమున విషము చేతికి అందకున్నచో ప్రాణము నిలుచును. అట్లు నిలిచిన వారిలో అధికులు మరల ఆ ప్రయత్నము చేయరు.

ఇందుకు శ్రీలంక నిదర్శనము. అచ్చట 1995 లో మిక్కిలి విషపూరితమైన పురుగుమందుల నిషేధము పూర్తిచేసిరి. ఆ సంవత్సరము లక్ష జనాభాకు సుమారు 47 గా ఉన్న ఆత్మహత్యలు 2005 నాటికి సగమునకు తగ్గినవి. పంట దిగుబడులు మాత్రము తగ్గలేదు.

రైతులు ఈ జాగ్రత్తలు పాటింపవలెను:

1. ఆ పిచికారికి కావలసినంత మందు మాత్రమే కొనవలెను. నిలువ పెట్టరాదు.
2. తప్పనిసరియైనచో తాళము గల పెట్టెలో ఉంచి, తాళపుచెవి బాధ్యతగల ఒకరి వద్దనే ఉంచవలెను.
3. దిగులుతోనున్న మనిషి గల ఇంటిలో మందును అసలు ఉంచరాదు.
4. సస్యరక్షణలో సమగ్ర పద్ధతులను అనుసరించి మందు వాడకము తగ్గింపవలెను.

ఎవరైనను విషము మ్రింగినట్లు అనుమానము కలిగిన క్షణమే 108 కు ఫోను చేయవలెను. లక్షణములు కనుపించువరకు ఆగరాదు. ఉప్పునీరు, సబ్బునీరు త్రాగించి వాంతి చేయింపరాదు. మందు సీసాను, దానిపై చీటీతో సహా, ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పోలీసు కేసునకు వెరచి ఆలస్యము చేయువారు కలరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఇట్టి ప్రయత్నము చేసినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉండిరని భావించి, వారిని శిక్షింపరాదని చెప్పుచున్నది.

చికిత్స

ఇది పిరికితనము కాదు, గ్రహచారము కాదు. గూడూరు ఏరియా ఆసుపత్రిలోగాని, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోగాని మొదట చూపించుకొనవచ్చును. మందులు పనిచేయుటకు కొన్ని వారములు పట్టును. రెండు రోజులలో గుణము కనుపించలేదని మానరాదు. కుదిరిన పిమ్మట కూడ వైద్యుడు చెప్పినంత కాలము వాడవలెను. ఈ మందులు మత్తు అలవాటు చేయునవి కావు. ఇంటినుండియే మాటాడగోరు వారికి టెలి మానస్ అను ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు నుండి కలదు. దాని నెంబరు 14416. ఖర్చు లేదు, రాత్రింబగళ్ళు తెలుగులో మాటాడవచ్చును.

అప్పు విషయము

అప్పులన్నియు ఒక కాగితముపై వ్రాసి, ఇంటిలో అందరి ఎదుట చదువవలెను. దాచిన అప్పే మనసును ఎక్కువ కృంగదీయును. ప్రకృతి వైపరీత్యమునకు గురియైనట్లు ప్రకటించిన ప్రాంతములలో పంట ఋణముల వాయిదాలు మార్చుటకు బ్యాంకులకు వీలు కలదు, అడిగి తెలిసికొనవలెను. కౌలురైతులకు సాగుదారు హక్కు పత్రము ఇచ్చుటకు 2019 లో మన రాష్ట్రమున చట్టము చేయబడినది. మేనేజరు వద్దకు ఒంటరిగా పోలేనివారి వెంట తెలిసినవారొకరు పోవుట మంచిది.

పంట పోయినచో మరుసటి కారులో మరల వేయవచ్చును. పోయిన మనిషి మరల రాడు. కావున ఈ వారము ప్రతి రైతును రెండు పనులు చేయవలెను: ఇంటిలోనున్న పురుగుమందునకు తాళము వేయుట, ఇటీవల మౌనముగా మారిన బంధువునో, కూలినో, స్నేహితునో పలుకరించుట.